ఫార్వర్డ్ చేస్తే రక్తనిధి నిండదు

ఈ వారం కూడా మీ ఫోనుకు అటువంటి సందేశం ఒకటి వచ్చే ఉంటుంది. "అత్యవసరం. బి నెగటివ్ రక్తం కావలెను. చిన్న పాప. ఆపరేషన్ ఉంది. మానవత్వం ఉంటే అందరికీ పంపండి." దానికి తేదీ ఉండదు. ఊరి పేరు ఉంటే ఆసుపత్రి పేరు ఉండదు. ఒక ఫోన్ నంబరు ఉంటుంది, దానికి ఫోన్ చేస్తే ఎవరూ పలకరు, లేదా విసిగిపోయిన గొంతు ఒకటి "ఆ పాప ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయిందండీ" అంటుంది. మీరు మాత్రం ఆ సందేశాన్ని నాలుగు గ్రూపులకు పంపి, ఒక పుణ్యకార్యం చేశామన్న తృప్తితో ఫోను పక్కన పెట్టారు. ఆ తృప్తి మీదనే నా అభియోగం.

సామాజిక మాధ్యమాలు చెడ్డవని నేను చెప్పబోవడం లేదు. సేవ చేయాలనుకునే మనిషికి, సేవ అవసరమైన చోటుకు మధ్య ఇంత దగ్గరి దారి మునుపెన్నడూ లేదు. ఆ దారిని మనం నడవడానికి వాడుకోకుండా, కేకలు వేయడానికి వాడుకుంటున్నాం. ఇది ఎందుకు ప్రమాదకరమో రక్తదానం ఒక్కటి తీసుకుని వివరిస్తాను.

రక్తదానం గురించి మన మనసుల్లో ఒక సినిమా దృశ్యం స్థిరపడిపోయింది. ఒకరి చేతి నుంచి గొట్టం గుండా రక్తం పక్క మంచం మీది రోగి చేతిలోకి నేరుగా ప్రవహిస్తుంది, రోగి కళ్లు తెరుస్తాడు. వాస్తవం వేరు. దాత ఇచ్చిన రక్తానికి ముందుగా గ్రూపు నిర్ధారించాలి. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా, ఈ అయిదింటికీ తప్పనిసరిగా పరీక్షలు జరగాలి. ఆ తరువాత రోగి రక్తంతో సరిపోతుందో లేదో క్రాస్ మ్యాచింగ్ చేయాలి. ఇదంతా కొన్ని గంటల పని. కాన్పు తరువాత తీవ్ర రక్తస్రావం మొదలైన తల్లికి సకాలంలో చికిత్స అందకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. ఆమె భర్త సందేశం పంపి, అది పది గ్రూపులు తిరిగి, ఒక దయగల యువకుడు మోటారుసైకిలు మీద వచ్చి రక్తమిచ్చి, ఆ సంచి పరీక్షలు పూర్తి చేసుకుని వార్డుకు చేరేసరికి కాలం మించిపోతుంది. ఆ తల్లిని బతికించేది పది రోజుల కిందట పేరు తెలియని ఎవరో ఇచ్చి వెళ్లగా, పరీక్షలన్నీ పూర్తయి, రక్తనిధి ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉన్న సంచి. అవసరం రాకముందు ఇచ్చిన రక్తమే అవసరానికి అందుతుంది. ఈ ఒక్క వాక్యం మీకు గుర్తుంటే చాలు, తక్కిన వ్యాసమంతా దాని వ్యాఖ్యానమే.

మరి రోగి బంధువులు ఎందుకు ఇలా వీధిన పడుతున్నారు? దీనికొక చరిత్ర ఉంది. ఒకప్పుడు మన దేశంలో డబ్బుకు రక్తం అమ్ముకునే వారి మీదే చాలా రక్తనిధులు ఆధారపడేవి. ఆకలితోనో, వ్యసనంతోనో పదేపదే వచ్చి, ఉన్న జబ్బులు దాచి రక్తమిచ్చే వారు వారు. 'కామన్ కాజ్' అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో 1996 జనవరి 4న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, రక్త విక్రయ పద్ధతిని రెండేళ్లలో అంతం చేయాలనీ, జాతీయ స్థాయిలోనూ రాష్ట్రాలలోనూ రక్త సంచరణ మండళ్లు ఏర్పాటు చేయాలనీ ఆదేశించింది. 1998 జనవరి 1 నుంచి ఆ నిషేధం అమలులోకి వచ్చింది. 2002 నాటి జాతీయ రక్త విధానం స్వచ్ఛంద దాతలే దేశానికి ఆధారం కావాలని నిర్దేశించింది.

ఆశయం ఉన్నతమైనదే. అయితే అమ్మేవాడు పోయిన ఖాళీని స్వచ్ఛంద దాత పూర్తిగా నింపలేదు. ఆ ఖాళీలోకి 'రీప్లేస్‌మెంట్' అనే పద్ధతి వచ్చి కూర్చుంది. మీకు ఒక సంచి కావాలంటే బదులుగా ఒక మనిషిని తీసుకురండి అనడం. ఊరి నుంచి వచ్చిన కూలి మనిషి, భార్య ఆపరేషన్ బల్ల మీద ఉండగా, తెలియని నగరంలో దాతను ఎక్కడి నుంచి తెస్తాడు? అతని నిస్సహాయత నుంచే మీ ఫోనులోని ఆ సందేశం పుట్టింది. రక్తనిధి చేయవలసిన పనిని రోగి బంధువు నెత్తిన పెట్టాం, ఆ బంధువు దానిని మీ ఫోనులోకి విసిరాడు, మీరు దానిని మరొకరి ఫోనులోకి విసిరారు. ఈ విసరడంలో ఎక్కడా రక్తం లేదు.

ఈ పద్ధతి వలన కలిగే మొదటి హాని రక్తం నాణ్యతకే. పరీక్షలు ఎంత మెరుగైనా, వైరస్ సోకిన తొలి రోజుల్లో అది పరీక్షకు దొరకని వ్యవధి ఒకటి ఉంటుంది. పరీక్షను బట్టి అది కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు ఉండవచ్చు. ఆ వ్యవధిలో రోగికి ఉన్న ఏకైక రక్షణ దాత నిజాయితీ. ఏ ఒత్తిడీ లేకుండా వచ్చిన దాత, వైద్యుడు అడిగిన ప్రశ్నలకు నిజం చెబుతాడు, "ఈసారికి వద్దులెండి" అంటే నవ్వుతూ వెళ్లిపోతాడు. బావమరిది ప్రాణం మీదికి వచ్చిందని నలుగురి ముందు లాక్కొచ్చిన మనిషి నిజం చెప్పగలడా? డబ్బుకిచ్చిన రక్తం కంటే స్వచ్ఛందంగా ఇచ్చిన రక్తమే సురక్షితమని బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ టిట్మస్ 1970లోనే ఒక గ్రంథంలో వాదించాడు. బలవంతపు రక్తానికీ ఆ హెచ్చరిక వర్తిస్తుంది. పైగా రక్తసంబంధీకుల రక్తమే శ్రేష్ఠమన్న నమ్మకం వైద్యశాస్త్రం దృష్టిలో తలకిందులు. దగ్గరి బంధువు రక్తంలోని తెల్లకణాలు రోగి శరీరం మీదనే దాడి చేసే అరుదైన, ప్రాణాంతకమైన స్థితి ఒకటి ఉంది. అందుకే అటువంటి రక్తాన్ని ప్రత్యేకంగా రేడియేషన్‌కు గురిచేసి గాని ఎక్కించకూడదు. అపరిచితుడే ఉత్తమ దాత.

రెండవ హాని పరిమాణానికి సంబంధించినది. సామాజిక మాధ్యమాల ఉత్సాహం కెరటంలా వచ్చి కెరటంలా పోతుంది. నాయకుడి పుట్టినరోజున పందిరి వేసి, ఫ్లెక్సీ కట్టి, ఒక్క పూటలో వందల సంచులు సేకరిస్తారు. ఆ రాత్రికి ఫొటోలన్నీ ఫేస్‌బుక్‌లో ఉంటాయి. ఎర్రకణాలు నిల్వ ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు మాత్రమే నిలవ ఉంటాయి. ప్లేట్‌లెట్లకు 5 రోజులే ఆయువు. ఒక్కసారిగా వచ్చిపడిన రక్తంలో కొంత కాలం తీరి పారబోయవలసి వస్తుంది. అంతకంటె ముఖ్యంగా, ఆ రోజు ఇచ్చిన పురుషులు 90 రోజుల వరకు, స్త్రీలు 120 రోజుల వరకు తిరిగి ఇవ్వరాదు. అంటే ఒక ప్రాంతంలోని దాతలందరినీ ఒకే రోజున వాడేసి, తరువాతి మూడు నెలలు ఆ ప్రాంతాన్ని ఎండబెడుతున్నాం. ఏప్రిల్, మే నెలల్లో కళాశాలలకు సెలవులు వచ్చి విద్యార్థి దాతలు ఊళ్లకు వెళ్లినప్పుడు రక్తనిధుల అరలు ఎలా ఉంటాయో ఆ శాఖలో పనిచేసిన ఏ సిబ్బందినైనా అడగండి. ఆ నెలల్లో పుట్టిన నాయకులు తక్కువనుకుంటాను.

మూడవ హాని మనుషులకు. దయతో తన నంబరు ఇచ్చిన బంధువుకు, అవసరం తీరిన ఏళ్ల తరువాత కూడా అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. తన గ్రూపు, నంబరు బహిరంగంగా పెట్టిన ఆడపిల్లకు రక్తంతో సంబంధం లేని సందేశాలు వస్తాయి. "దాతను నేనే, దారి ఖర్చులకు కొంత పంపండి" అని డబ్బు వేయించుకుని ఫోను కట్టేసే మోసగాళ్లు ఈ నిస్సహాయత మీదే బతుకుతున్నారు. మన చట్టం ప్రకారం రక్తాన్ని అమ్మరాదు, రక్త కేంద్రం శుద్ధి, పరీక్షల నిమిత్తం నిర్ణీత రుసుము మాత్రమే తీసుకోవచ్చు. దాత పేరిట ఎవరు డబ్బు అడిగినా అది నేరపు గుమ్మం అని గుర్తించండి.

ఇంతదాకా చదివిన మీలో కొందరు, "డాక్టరుగారూ, ఆ సందేశాల వల్లనే మా బంధువు బతికాడు" అంటారు. నిజమే కావచ్చు, నేను కాదనను. సందేశం తప్ప మార్గం లేని సందర్భాలు కూడా ఉన్నాయి. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం గుర్తించిన 'బాంబే గ్రూపు' వారికి ఓ గ్రూపు రక్తం కూడా సరిపడదు, తమ గ్రూపు వారి రక్తమే కావాలి. అటువంటి వారు మన దేశంలో కొన్ని వేల మందికి ఒకరు ఉంటారు. వారిని వెతకడానికి దేశమంతా తిరిగే సందేశం నిజంగా దేవుడిచ్చిన సాధనమే. అరుదైన గ్రూపుకు పనికివచ్చే సాధనాన్ని ప్రతి వీధిలోనూ దొరికే ఓ పాజిటివ్‌కు, బి పాజిటివ్‌కు రోజూ వాడవలసి రావడం మాత్రం వ్యవస్థ వైఫల్యానికి గుర్తు. ఆ వైఫల్యాన్ని మన ఫార్వర్డులు కప్పిపుచ్చుతున్నాయి.

ఆవేశం ఎలా దారి తప్పుతుందో 2021లో మనం కళ్లారా చూశాం. కొవిడ్ రెండవ ఉద్ధృతిలో ఏ ఫోను తెరిచినా ప్లాస్మా కోసం ఆర్తనాదాలే. ప్లాస్మా వలన మరణాలు గాని, వ్యాధి తీవ్రత గాని తగ్గడం లేదని భారత వైద్య పరిశోధన మండలి 39 ఆసుపత్రులలో 464 మంది రోగులతో జరిపిన అధ్యయనం అంతకు ముందే, 2020 అక్టోబరులోనే ప్రచురితమైంది. అయినా 2021 మే నెలలో చికిత్సా మార్గదర్శకాల నుంచి దానిని తొలగించే వరకు ఎన్ని వేల కుటుంబాలు దాతల కోసం తిరిగాయో! రోగి పక్కన కూర్చోవలసిన కొడుకు ఫోను పట్టుకుని నగరమంతా తిరిగాడు. డెంగీ కాలంలో ప్లేట్‌లెట్ల విషయంలో ఏటా ఇదే జరుగుతోంది. రక్తస్రావం లేని డెంగీ రోగికి సాధారణంగా ప్లేట్‌లెట్లు పదివేల కంటె తగ్గితే తప్ప ఎక్కించవలసిన పని లేదు. ఎనభై వేలు ఉన్న రోగి కోసం కూడా సందేశాలు తిరుగుతాయి. సందేశం పంపే ముందు "నిజంగా కావాలా?" అని వైద్యుని అడగండి. అడిగే హక్కు మీకుంది.

అదే 2021లో మరొక పాఠమూ ఉంది. ఆక్సిజన్, పడకల వివరాలు పంచుకున్న యువతీయువకులలో కొందరు ప్రతి నంబరుకూ తామే ఫోన్ చేసి, నిర్ధారించుకుని, సమయం రాసి, పని పూర్తికాగానే ఆ ప్రకటనను తొలగించారు. ప్రాణాలు నిలిపింది వారి శ్రద్ధ. వారు వాడినదీ మన చేతిలో ఉన్న ఫోనునే.

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను. తలసీమియా తీవ్రంగా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి, ఎముక మజ్జ మార్పిడి జరగకపోతే జీవితాంతం ఎక్కించాలి. మూడు వారాలకు ఒకసారి అనుకుంటే ఏడాదికి 17 సార్లు. కొంచెం ఎదిగిన పిల్లవాడికి ప్రతిసారీ రెండు సంచులు అనుకుంటే ఏడాదికి సుమారు 35 సంచులు. 90 రోజులకు ఒకసారి ఇచ్చే ఒక పురుషుడు ఏడాదికి నాలుగు సార్లు ఇవ్వగలడు. అంటే క్రమం తప్పని తొమ్మిది మంది దాతలు ఉంటే ఒక బిడ్డ బతుకు నిలుస్తుంది. తొమ్మిది మందే! మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎంతమంది ఉన్నారు? మీ పదవ తరగతి పూర్వ విద్యార్థుల గ్రూపులో? రోజూ శుభోదయాలు పంపుకునే ఆ నూట యాభై మందిలో తొమ్మిది మంది క్యాలెండరులో నాలుగు తేదీలు గుర్తు పెట్టుకుంటే, ఒక తల్లి మూడు వారాలకు ఒకసారి ఎవరినో బతిమాలుకోవలసిన దుస్థితి తప్పుతుంది. తలసీమియా, సికిల్ సెల్, హీమోఫిలియా రోగులకు రక్తం ఉచితంగా ఇవ్వాలని జాతీయ రక్త సంచరణ మండలి ఆదేశం ఉంది. ఉచితంగా ఇవ్వాలంటే ముందు అరలో రక్తం ఉండాలి కదా.

ఉత్సాహాన్ని క్రమంలో పెట్టవచ్చునని మన తెలుగునాట నిరూపణ ఉంది. రక్త విక్రయం నిషేధమైన 1998లోనే హైదరాబాదులో చిరంజీవి రక్తనిధి మొదలైంది. కటౌట్లకు పాలాభిషేకాలు చేసే అభిమానాన్ని ఏడాది పొడవునా రక్తదానం వైపు మళ్లించింది. అదే ఏడాది, అదే నగరంలో తలసీమియా, సికిల్ సెల్ రోగుల కోసం తల్లిదండ్రులు, వైద్యులు కలిసి ఒక సంఘాన్ని నెలకొల్పారు. రెండింటికీ బలం ఒక్కటే: మనిషి మళ్లీ మళ్లీ వచ్చే ఏర్పాటు.

మరి మీరేం చేయాలి? ఫోను పక్కన పెట్టమనడం లేదు, సరిగా వాడమంటున్నాను.

ముందుగా, కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన 'ఈ-రక్త్‌కోష్' వెబ్‌సైటు తెరవండి. మీ రాష్ట్రం, మీ జిల్లా ఎంచుకుంటే లైసెన్సు ఉన్న రక్త కేంద్రాలు, వాటిలో ఏ గ్రూపు రక్తం ఎంత ఉన్నదీ, రాబోయే శిబిరాల వివరాలూ కనిపిస్తాయి. ఆ అంకెలు ఆయా కేంద్రాలు నమోదు చేసినవి గనుక బయలుదేరే ముందు ఒకసారి ఫోన్ చేసి నిర్ధారించుకోండి. దాతగా అక్కడే నమోదు చేసుకోండి. ఎవరికో అవసరమని వార్త వచ్చేదాకా ఆగకుండా, ఖాళీగా ఉన్న ఒక ఉదయం, అల్పాహారం తిని, నీళ్లు తాగి, దగ్గరి కేంద్రానికి వెళ్లి రక్తమివ్వండి. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హీమోగ్లోబిన్ ఉంటే ప్రాథమిక అర్హత ఉన్నట్లే. మొదటిసారి ఇచ్చేవారికి అరవై దాటి ఉండకూడదు. మీ ఒంట్లోని సుమారు అయిదు లీటర్లలో వారు తీసుకునేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. మాత్రలతో మధుమేహం అదుపులో ఉన్నవారు కూడా సాధారణంగా ఇవ్వవచ్చు, ఇన్సులిన్ వాడేవారు ఇవ్వకూడదు. తుది నిర్ణయం అక్కడి వైద్యునిది.

రెండవది, మీ గ్రూపును కేకల వేదికగా కాక పట్టికగా మార్చండి. ఎవరు ఏ నెలలో ఇవ్వాలో రాసుకోండి. నెలకు నలుగురు చొప్పున ఇవ్వడం, ఏడాదికొకసారి నలభై ఎనిమిది మంది ఇవ్వడం కంటె ఎంతో మేలు. శిబిరం పెట్టాలనుకుంటే తేదీ మీరు నిర్ణయించకండి, మీకు ఎప్పుడు కొరత ఉంటుందో చెప్పండని రక్త కేంద్రాన్నే అడగండి. నాయకుడి మీద నిజమైన అభిమానం ఉన్నవారు ఆయన పుట్టినరోజును మే నెలకు జరుపుకున్నా ఆయనేమీ అనుకోరు.

మూడవది, సందేశం వచ్చినప్పుడు రెండు నిమిషాలు ఆగండి. తేదీ, ఆసుపత్రి, రోగి ఉన్న వార్డు, రక్త కేంద్రం పేరు లేని సందేశాన్ని పంపకండి. ఉన్నా, ముందు ఫోన్ చేయండి. అవసరం తీరిందంటే అక్కడే ఆ మాట రాసి ఆపండి. ఆ సందేశానికి మీరే చివరి మనిషి కండి. అందులో అవమానమేమీ లేదు.

రక్తం ఇవ్వలేని వారి సంగతి? నా వయసు డెబ్బై దాటింది, నియమాల ప్రకారం నేనిక దాతను కాను. అయితే దాతలకు గడువు గుర్తుచేస్తూ ఫోన్ చేయడానికి వయోపరిమితి లేదు. శిబిరంలో పేర్లు నమోదు చేయడానికి, కళ్లు తిరిగిన కుర్రవాడి పక్కన కూర్చుని ధైర్యం చెప్పడానికి, పాత పట్టికలను సరిచేయడానికి హీమోగ్లోబిన్ పరీక్ష అక్కర్లేదు. మీ జిల్లాలోని రెడ్‌క్రాస్ శాఖకు గాని, ప్రభుత్వ ఆసుపత్రి రక్త కేంద్రానికి గాని వెళ్లి, "వారానికి రెండు గంటలు నేనేం చేయగలను?" అని అడగండి. ఫొటో తీయవలసిన పని లేని ఆ రెండు గంటలే అసలైన స్వచ్ఛంద సేవ.

చివరగా, మీ ఫోనుకు ఉన్న మరొక శక్తిని వాడండి. ప్రశ్నించే శక్తి. దాతను తెస్తేనే రక్తమిస్తామని ఏ ఆసుపత్రి అయినా అంటే, జాతీయ విధానం స్వచ్ఛంద దానం మీద ఆధారపడమన్నప్పుడు మీరు రోగి బంధువుల మీద ఎందుకు ఆధారపడుతున్నారని మర్యాదగా, లిఖితపూర్వకంగా అడగండి. ఏడాదికి ఎన్ని శిబిరాలు నిర్వహించారు, ఎన్ని సంచులు కాలం తీరి పోయాయి అని అడగండి. ప్రజాప్రతినిధుల ఖాతాల కింద జయజయధ్వానాలు రాసే బదులు ఈ ప్రశ్న రాయండి. ఒక్క ప్రశ్న వేయిసార్లు ఫార్వర్డ్ అయితే అది మాత్రం పనికివస్తుంది.

ఈ వ్యాసం నచ్చితే మరొకరికి పంపవచ్చు, అభ్యంతరం లేదు. అయితే పంపే ముందు ఒక్క పని చేయండి. మీరు చివరిసారి రక్తమిచ్చిన తేదీ గుర్తు చేసుకోండి. గుర్తు రాకపోతే, ముందు మీ జిల్లా రక్త కేంద్రానికి ఫోన్ చేయండి.